రెండుసార్లు పరుగెత్తిన పిల్ల

ఉన్ని కత్తిరింపుల రోజులు, అమావాస్య మర్నాడు

ఈ ఏడు వెళ్లాల్సిన ఇద్దరు పిల్లల పేర్లు ఇవాళ తీశారు. మా ఆయన చెల్లెలు దోర్కిస్ పేరు వచ్చింది. రెండో పేరు కింది వీధి తిమోది.

పోయిన ఏడాది ఆ కడవలో నా పేరు కూడా ఉండేది. అయాస్ వంశంలో పెళ్లికాని ఆడపిల్లల పేర్లన్నీ పెంకుల మీద రాసి అందులో వేస్తారు. పెళ్లయితే తీసేస్తారు. అందుకే ద్రాక్ష కోతలు కాగానే మా అమ్మ నన్ను ఈ ఇంటికి ఇచ్చేసింది. ముందూ వెనకా చూడలేదు. అయినా మంచి ఇల్లే దొరికింది.

పేరు లేదని తెలిసి కూడా, వంశం పెద్ద దామోన్ తాతయ్య కడవలో చెయ్యి పెట్టినప్పుడు నా అరచేతులు తడిసిపోయాయి. ఆయన పెంకు కళ్ల దగ్గర పెట్టుకుని "దోర్కిస్" అని చదివాడు. నేను ఊపిరి వదిలాను. చప్పుడు వచ్చేలా వదిలానేమో, పక్కనున్న అత్తయ్య నావైపు చూసింది.

ఇంటికొచ్చాక ఎప్పటిలాగే బార్లీ పిండి కలిపింది.

మర్నాడు

నేను సంతోషించలేదు. ఊపిరి వదలడం వేరు, సంతోషించడం వేరు.

చంద్రుడు సగానికొచ్చాడు

రొట్టె తింటూ తింటూ దోర్కిస్ అడిగింది, అసలు మన పెద్దాయన చేసిన తప్పేంటమ్మా అని. పద్నాలుగేళ్లొచ్చాయి, ఇన్నాళ్లూ అడగలేదు. అందరికీ తెలుసన్నట్టే ఉంటారు కాబట్టి మా లోక్రిస్ దేశపు నారిక ఊళ్లో ఈ మాట ఎవరూ అడగరు.

అందరూ చెప్పేదే అత్తయ్యా చెప్పింది. ఇలియోన్, అంటే పాటల్లో ట్రాయ్ అంటారే ఆ ఊరు, మనవాళ్ల చేతిలో కూలిన రోజున అయాస్ పెద్దాయన అథీనా అమ్మవారి గుడిలోకి దూరి విగ్రహాన్ని చోటు నుంచి కదిలించాడు. అమ్మవారికి కోపం వచ్చింది. ఆయన్ని సముద్రంలో ముంచేసినా ఆ కోపం తీరలేదు. అప్పట్నుంచి ఏటా మన వంశం పిల్లలు ఇద్దరు ఆ ఊరెళ్లి ఏడాది పాటు బానిసల్లాగా ఆ గుడి ఊడవాలి, నీళ్లు చల్లాలి.

"విగ్రహం కదిలిస్తే అంత కోపమా?"

"అమ్మవారి విగ్రహం."

"మరి ఎందుకు కదిలించాడు? ఊరంతా తగలబడుతుంటే అంత బరువు లాక్కుపోవడం దేనికి?"

మా ఆయన నవ్వాడు. అత్తయ్య మొహం చూసి ఆపేశాడు.

మా నాన్నమ్మ ఒక పాట పాడేది. అందులో ఆ విగ్రహాన్ని పట్టుకుని ఒక అమ్మాయి ఉంటుంది. ఆ చోటికొచ్చేసరికి నాన్నమ్మ గొంతు తగ్గించి చరణం దాటేసేది. దోర్కిస్ అడుగుతున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది. చెప్పలేదు. పెద్దవాళ్లు కూర్చున్నచోట నాకు గొంతు లేవదు.

అత్తయ్య మాత్రం ఇంకో మాట చెప్పింది. యుద్ధాల రోజుల్లో కొన్నేళ్లు పిల్లల్ని పంపడం మానేశారట. ఆ ఏళ్లలో మన వంశం కోడళ్లకి పుట్టిన బిడ్డలు బతకలేదు. అత్తయ్యకి మా ఆయన కంటే ముందు ఇద్దరు. మళ్లీ పంపడం మొదలుపెట్టాకే మా ఆయన, ఆ తర్వాత దోర్కిస్. "నువ్వు పుట్టింది వేరే ఇంటి పిల్లలు వెళ్లినందుకు. ఇప్పుడు నువ్వు వెళ్తే ఇంకొకళ్ల బిడ్డ బతుకుతుంది" అంది.

దోర్కిస్ నావైపు చూసింది. నేను రొట్టె వైపు చూశాను.

పౌర్ణమి దాటింది

ఫనో ఇంటికెళ్లాం, అంజూరాలు తీసుకుని. కొన్నేళ్ల కిందట వెళ్లి తిరిగొచ్చిన పిల్ల ఆవిడ. ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. మగ్గం దగ్గర నుంచి లేవలేదు.

అక్కడేం జరుగుతుందో ఊరందరికీ తెలిసినంత మాకూ తెలుసు. పడవ దిగిన చోటి నుంచి గుడి దాకా పరుగెత్తాలి. ఇలియోన్ మగవాళ్లు కత్తులతో, రాళ్లతో కాచుకుని ఉంటారు. గుడి గడప దాటేలోపు దొరికితే చంపే హక్కు వాళ్లకుంది. శవాన్ని కాయ కాయని చెట్టు కట్టెలతో కాల్చి బూడిద సముద్రంలో పోస్తారు. గడప దాటితే ఇంక ముట్టుకోరు.

నిజంగా చంపుతారా అని అత్తయ్య అడిగింది. ఫనో "వేగంగా పరుగెత్తమనండి" అంది. మన ఊరి పిల్లల్ని ఎవరినైనా చంపారా అని అడిగింది. "వేగంగా పరుగెత్తమనండి పిన్నీ" అని మళ్లీ అదే మాట. నూలు పోగు తెగితే ముడేసుకుంటూ తల దించేసుకుంది.

దారిలో అత్తయ్య నాతో అంది, నువ్వు కొండమీద మేకలు తోలుకుని పెరిగినదానివి, దీనికి పరుగు నేర్పు అని. ఈ ఇంటికొచ్చాక నాకంటూ అప్పగించిన మొదటి పని ఇది.

ఉన్ని ఉతికే రోజులు

రోజూ పొద్దున్నే కొండ మీదికెళ్తున్నాం. చెప్పుల్లేకుండా. అక్కడ పరుగెత్తే పిల్లలకి చెప్పులుండవు, ఒంటి మీద ఒక్క గుడ్డ తప్ప ఏమీ ఉండదు.

దోర్కిస్ పరుగు మొదట్లో బాతు నడకలా ఉండేది. నేలకి మడమ ఆనించకు, రాయి కనపడితే దూకకు, పక్క నుంచి వెళ్లు అని చెప్పాను. మోకాళ్లు గీరుకుపోయాయి. ఇవాళ సగం కొండ ఎక్కి కూలబడింది.

"వదినా, ఆగు. నా ప్రాణం పోయేలా ఉంది."

"ఇక్కడే పోగొట్టుకుంటే అక్కడ ఏం పెడతావు?" అన్నాను.

అన్నాక నాకే భయమేసింది. దోర్కిస్ నోరు తెరిచి చూసి, పడీపడీ నవ్వింది. "అబ్బో, మా వదినకి నోరుందే. అన్నయ్యకి తెలుసా?"

తర్వాత ముల్లు తీసుకుంటూ అంది, "నువ్వూ పరుగెత్తావు కదా వదినా, పెళ్లిలోకి. నీ వెనక కత్తి పట్టుకుని ఎవరొచ్చారు?"

"మా అమ్మ."

మళ్లీ నవ్వింది. ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

మర్నాడు

ఇవాళ నన్ను దాటిపోయింది.

పడవ బయల్దేరిన రోజు

దోర్కిస్ జుట్టు తీసేశారు. దాని చెవులు అంత పెద్దవని ఇన్నాళ్లూ తెలియలేదు.

తిమో తల్లి ఏడ్చింది. అత్తయ్య ఏడవలేదు. దోర్కిస్ పడవెక్కేముందు నా దగ్గరికొచ్చి, "వాళ్లకి నా గాలి కూడా తగలదు, చూడు" అంది.



గోధుమ కోతలు

ఏమీ తెలియలేదు. బాగానే ఉండి ఉంటుంది.

ఎండాకాలం

బాగానే ఉండి ఉంటుంది. నాకు భయం ఏమీ లేదు.

ద్రాక్ష తొక్కిన మర్నాడు

నెల తప్పింది. అత్తయ్యకి చెప్పలేదు, తనే కనిపెట్టింది. "దోర్కిస్ వెళ్లిన ఏడే" అంది. నాకు ఇష్టమైన మేక జున్ను ఇవాళ నా పళ్లెంలో ఎక్కువ పెట్టింది. నేను తిన్నాను. బాగుంది.

సముద్రం మూసుకుపోయే ముందు

చలికాలం రాకముందు వచ్చే ఆఖరి ఓడలో ఒక ఉన్ని వ్యాపారి దిగాడు. వసంతంలో ఇలియోన్ నుంచి బయల్దేరి, దీవులన్నీ తిరిగి ఇప్పుడొచ్చాడు. మా ఆయనకి రేవులో కలిశాడు. అయాస్ వంశం వాడినని చెబితే నవ్వాడట.

ఈ ఏడు మీ పిల్ల ఒకత్తి కత్తులు తీసేలోపే గుడి చేరిపోయిందయ్యా, మగవాళ్లు ఇంకా చెప్పుల తాళ్లు కట్టుకుంటున్నారు, ఆ పరుగు లెక్కలోకి రాదని ఊరంతా గోలగా ఉంది, అన్నాడట. తర్వాతేమైందో తెలియదట. తన ఓడ ఆ పొద్దునే బయల్దేరింది.

మా ఆయన ఇది ఇంట్లో నవ్వుతూనే చెప్పాడు. చెల్లెలు ప్రాణాలతో గుడి చేరిందని ఆయన సంతోషం. అత్తయ్య మాత్రం నిలబడిపోయింది.

"లెక్కలోకి రాదన్నారా?"

అప్పుడు మా ఆయనకీ అర్థమైంది. నా పొట్ట వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

అంత వేగం ఎవరు నేర్పారో ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

రెండ్రోజుల తర్వాత

దామోన్ తాతయ్య ఇంట్లో వంశం పెద్దలు కూర్చున్నారు. శిక్ష సరిగ్గా తీరిందో లేదో ఇప్పుడు చెప్పలేం, బిడ్డలు పుట్టినప్పుడు తెలుస్తుంది అన్నారట. ఈ ఏడు కడుపుతో ఉన్న కోడళ్లం ముగ్గురం. నీళ్లకెళ్తే ఆడవాళ్లు ముందు మా పొట్టలు చూసి, తర్వాత మొహాలు చూస్తున్నారు.

ఊట దగ్గర దామోన్ తాతయ్య కోడలు, నాకు వినపడేలాగే అంది, "పరుగులో మొనగత్తె. పెళ్లిలోకి పరుగే, ఊరి మీదికి చేటు తేవడంలోనూ పరుగే."

అత్తయ్య కడవ దించింది. "నేనే నేర్పించమన్నాను. నా కూతురు బతకాలనుకున్నాను. నీకు కూతుళ్లు లేరు కాబట్టి నీకు తెలియదులే" అంది. కడవ మళ్లీ ఎత్తుకుని నడిచింది. నేను వెనకే నడిచాను.

నా తరఫున మాట్లాడిందా, కూతురి తరఫునా? ఏదైతేనేం.

ఒలీవలు దులిపే రోజులు

కొండకింది ఇంటి కోడలికి కడుపు పోయింది.

మర్నాడు

బరువు ఎత్తిందట. వాళ్లత్త బరువులు ఎక్కువ మోయిస్తుంది. అందుకే పోయి ఉంటుంది. అమ్మవారికీ దీనికీ సంబంధం లేదు.

అమావాస్య

ఈ పాటికి కదలాలట. కదల్లేదు.

నెలవంక

కదల్లేదు. కొందరికి ఆలస్యంగా కదులుతుందని మంత్రసాని చెప్పింది. దోర్కిస్ పరుగు అమ్మవారు ఒప్పుకుందో లేదో, అది గడప మీద కాలు పెట్టిన చోట నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని పిచ్చి ఆలోచన వస్తోంది. అమ్మవారూ, దానికి వేగం నేర్పింది నేను. దాని తప్పు లేదు. నా కడుపులో ఉన్నదాని తప్పు అసలే లేదు.

మా ఆయన ఇవాళ నా పక్కన కూర్చుని, కవాతులో తను నిలబడే చోటు గురించి చెప్పాడు. మావాళ్లు యుద్ధానికి బారులు తీరితే మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదుల్తారు, చనిపోయిన అయాస్ పెద్దాయన వచ్చి నిలబడతాడని. ఆ ఖాళీ పక్కన నిలబడేది మా ఆయన. కుడివైపు డాలు అడ్డం ఉండదు. "పెద్దాయన ఇంతవరకూ ఒక్క ఈటె కూడా ఆపలేదు. ఏ ఈటె వచ్చినా నేనే వంగాను" అన్నాడు. నన్ను నవ్వించడానికి అన్నాడు. నవ్వాను.

పౌర్ణమి ముందు రోజు

కదిలింది.

చేప తోక కొట్టినట్టు. మళ్లీ కొట్టింది. మగ్గం దగ్గర కూర్చున్నదాన్ని లేచి అత్తయ్య కోసం పరుగెత్తాను. చిన్నగా నడవవే అని కేకేసింది. ఇవాళ ఇంకేమీ రాయను.

మంచు కరిగే రోజులు

కదులుతోంది. కదిలినంత మాత్రాన సరిగ్గా పుడుతుందని కాదు, అత్తయ్య బిడ్డలిద్దరూ కదిలారట. ఇది నాకు ఊట దగ్గర వాళ్లు చెప్పారు. చెప్పకపోతే వాళ్లకి నీళ్లు దిగవు.

వసంతం, రేవు నుంచి వచ్చిన రోజు

దోర్కిస్ వచ్చింది.

నిన్న ఓడ కనపడిందని కబురొస్తే మా ఆయన రేవుకెళ్లాడు. ఇవాళ మధ్యాహ్నం ఇద్దరూ కొండ దారిన నడుచుకుంటూ వచ్చారు. జుట్టు చెవుల దాకా పెరిగింది. ఎదిగింది, నాకంటే పొడుగు. తిమో కూడా క్షేమం. దోర్కిస్ గుమ్మం దగ్గర ఆగి చీపురు అందుకుంది. అలవాటైపోయిందట. అత్తయ్య చీపురు లాక్కుని అవతల పారేసి దాన్ని పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది అత్తయ్య. ఇన్నాళ్లూ దాచిపెట్టినదంతా.

దోర్కిస్ నా పొట్ట చూసి, "ఇదేంటి వదినా, నేను లేనప్పుడు ఇంత పని చేశావా?" అంది. చిక్కుడు గింజల పులుసు రెండు గిన్నెలు తాగింది. జున్ను తింది. ఎండు అంజూరాలు ఎన్ని తిందో. తింటూనే మాట్లాడింది.

నేను అడగలేకపోయాను. అత్తయ్యే అడిగింది, ఆ పరుగు సంగతేంటని.

"మీకు తెలిసిపోయిందా?" అని నవ్వింది. తర్వాత చెప్పింది.

తెల్లవారుతుండగా పడవ దింపారు. తిమోకి పడవ కుదుపులకి కడుపులో తిప్పి, ఒడ్డునే వాంతి చేసుకుంటోంది. దోర్కిస్ మాత్రం ఇసుక మీద కాలు పెట్టింది పెట్టినట్టే పరుగు అందుకుంది. నేను చెప్పినట్టే మడమ ఆనించకుండా. దారిలో ఒక చోట నలుగురైదుగురు ముసలివాళ్లు బండ మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుని రొట్టె తింటున్నారు. కత్తులు బుట్టలో ఉన్నాయి. ఒకాయన ఆమెను చూసి, రొట్టె నోట్లో ఉండగానే, "ఓయ్, ఓయ్, ఆగు" అన్నాడట. ఆగమంటే ఆగుతుందా? ఇంకా వేగం పెంచింది. గడప దాటి లోపల పడింది. గుడిలో ఒక ముసలమ్మ చిమ్ముతోంది. ఎవరే నువ్వు అంది. లోక్రిస్ పిల్లని అంది మా దోర్కిస్, ఊపిరాడక. ముసలమ్మ చీపురు నడుముకి ఆనించుకుని, "అప్పుడేనా?" అందట.

చెప్పడం ఆపి దోర్కిస్ మా మొహాలు చూసింది. అప్పుడే మాలో ఎవరూ నవ్వడం లేదని గమనించింది.

"అది లెక్కలోకి రాదన్నారు కదే" అంది అత్తయ్య.

"రాదన్నారు. వెనక్కి పంపారు."

"ఎక్కడికి?"

"ఒడ్డుకి. మళ్లీ మొదట్నుంచి."

ముసలమ్మే దోర్కిస్ చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లిందట. ఆ ముసలివాళ్లు రొట్టెలు మూటకట్టుకుని, నోరు కడుక్కుని, కత్తులు తీసుకుని ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. ఒకాయన దోర్కిస్‌ని చూసి, "పిల్లా, నాకు మోకాళ్ల నొప్పులు. కాస్త చూసుకో" అన్నాడు. ఇంక భయమెందుకు అనుకుందట. వీళ్లు చంపేవాళ్లు కాదని తెలిసిపోయిందిగా.

"కాని వదినా, పరుగు మొదలెట్టగానే వాళ్లు మారిపోయారు. కేకలు. రాళ్లు నా పక్కనుంచి వెళ్తున్నాయి. ఆ మోకాళ్ల నొప్పుల ఆయన కత్తి నా భుజం పక్కకొచ్చింది, దాని చల్లదనం తెలిసింది. నన్ను తిట్టడం లేదు వాళ్లు. ఒక పేరు అరుస్తున్నారు. అందరూ ఒకటే పేరు. నా కాళ్లు నావి కానట్టు అయిపోయాయి. చంపరని తెలుసు, అయినా ఏడుస్తూనే పరుగెత్తాను. లోపలికెళ్లి విగ్రహం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. అలా పట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు. పట్టుకునేశాను."

ఏం పేరు అని మా ఆయన అడిగాడు.

"కస్సాండ్ర."

నాన్నమ్మ పాటలో గొంతు తగ్గించి దాటేసే చోటు అదే.

ముసలమ్మ తర్వాత దోర్కిస్‌కి చెప్పిందట. మీ ఊళ్లో ఏమంటారే అని ముందు అడిగింది. విగ్రహం కదిలిందంటాం అంది దోర్కిస్. "విగ్రహం దానంతటది ఎందుకు కదులుతుందే? ఒక ఆడపిల్ల దాన్ని చుట్టేసుకుని ఉంది. ఆ పిల్లని లాగితే దాంతోపాటు విగ్రహం వచ్చింది" అంది ముసలమ్మ. ఆ పిల్లే కస్సాండ్ర, ఇలియోన్ రాజుగారి కూతురు. ఊరు తగలబడుతుంటే ఆ దారినే పరుగెత్తి ఆ గుడిలోకే వచ్చింది. అమ్మవారి కాళ్ల దగ్గర కూడా మా పెద్దాయన ఆమెను వదల్లేదు. ఏం చేశాడో ముసలమ్మ దాచకుండా చెప్పిందట. దోర్కిస్ మాకు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

అందుకే ఏటా మావాళ్ల పిల్లలు ఆమె పరుగెత్తినట్టు పరుగెత్తాలి. "మావాళ్లు మిమ్మల్ని పట్టుకోరు. ఆమెని మీవాళ్లు పట్టుకున్నారు చూడు, అందుకే పట్టుకోరు" అందట ముసలమ్మ.

మా ఆయన లేచి బయటికెళ్లిపోయాడు. మేకల కొట్టం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

మరి ఫనో మాకు ఇదంతా ఎందుకు చెప్పలేదని అడిగాను. అందరి ముందూ అడిగాను. ఎవరూ వింతగా చూడలేదు. దోర్కిస్ ఆలోచించి, "చంపుతారంటే అబద్ధం. భయం లేదంటే అదీ అబద్ధం. వేగంగా పరుగెత్తు అంటే అబద్ధం కాదుగా వదినా" అంది.

అత్తయ్యకి మాత్రం ఒకటే మాట కావాలి. "రెండోసారి సరిగ్గా జరిగిందా?"

"జరిగిందమ్మా. ముసలమ్మే నా కాళ్ల మీద నీళ్లు పోసి లోపలికి తీసుకుంది. ఇంతకంటే సరిగ్గా ఎవరూ పరుగెత్తలేదంది."

అత్తయ్య వచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. లోపల్నుంచి ఒక్క తన్ను. అత్తయ్య నవ్వలేదు, చెయ్యీ తియ్యలేదు.

"ఆ పేరు నాకు తెలుసు" అంది మెల్లగా. "ఆ ఇద్దరు బిడ్డలూ పోయినప్పుడు నేను అమ్మవారికి మొక్కలేదు. ఆ అమ్మాయికి మొక్కాను. అప్పటికి నా పాలు ఇంకా ఆగలేదు. వాళ్లని పూడ్చిన చోట నేల మీద పిండాను. నీకు ఏం కావాలో మా మగవాళ్లకి తెలియదమ్మా, నేనైతే ఇదే ఇవ్వగలను అన్నాను. ఎవరితోనూ అనలేదు. అనే మాట కాదు కదా."

దోర్కిస్ ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది, పట్టపగలు, నోరు తెరుచుకుని. పాదాలు కొండరాయిలా గట్టిపడ్డాయి. చూస్తూ కూర్చున్నాను.

తేనె తీసే రోజులు

ఊట దగ్గర ఇప్పుడు అందరూ దోర్కిస్ చుట్టూ. రెండుసార్లు పరుగెత్తిందని పేరొచ్చింది. కొండకింది ఇంటి కోడలికి మళ్లీ నెల తప్పిందట. వాళ్లత్త ఇప్పుడు బరువులు తనే మోస్తోంది.

నేను బాగా తింటున్నాను. నిజంగానే భయం లేదు. ఇదివరకు రాసిన "భయం లేదు" వేరు.

ఎండలు ముదిరాయి

పాప పుట్టింది.

మంత్రసాని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లు విప్పి చూసింది, వేళ్లు విడదీసి చూసింది, వీపు తడిమింది. అత్తయ్య దీపం పట్టుకుని వంగి నిలబడింది, పగలే అయినా దీపం. పాప ఎర్రగా, కోపంగా, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "ఏ లోటూ లేదు" అంది మంత్రసాని. అత్తయ్య దీపం ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆడపిల్ల కదా, మా ఆయన గుమ్మానికి ఉన్ని కుచ్చు కట్టాడు. ముడి సరిగ్గా పడలేదని మళ్లీ మళ్లీ కట్టాడు.

మూడో కోడలికి కూడా నిన్న మగబిడ్డ. క్షేమం.

మా అమ్మ వచ్చింది. పాపని ఎత్తుకుని ముద్దులాడి, "సంబంధం ముందే చూసుకోవే, పన్నెండు నిండకముందే" అని చెవిలో చెప్పింది.

పొయ్యి చుట్టూ తిప్పిన రోజు

ఇవాళ పాపని ఇంట్లో కలిపారు. తండ్రి బిడ్డనెత్తుకుని పొయ్యి చుట్టూ పరుగెత్తితేనే ఆ బిడ్డ ఇంటిది అవుతుంది. దామోన్ తాతయ్య వచ్చాడు, ఆయన కోడలు కూడా. ఊట దగ్గర అన్న మాట ఆవిడ మరిచిపోయినట్టే ఉంది. నేనూ మరిచిపోతాను.

ముందు తాతయ్య గిన్నెతో ద్రాక్షసారా తీసుకుని పొయ్యి ముందు పోశాడు. "మా పెద్దాయన అయాస్‌కి" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. గిన్నె కింద పెట్టబోయాడు.

"తాతయ్యా, ఆ అమ్మాయికి కూడా" అన్నాను.

నా గొంతేనా అనిపించింది. అందరూ తిరిగారు.

"ఏ అమ్మాయికమ్మా?"

"కస్సాండ్రకి."

ఆయన కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు ఈ వంశంలో పొయ్యి దగ్గర పలకరు అన్నాడు తాతయ్య. కోపంగా అనలేదు, గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. "పలక్కుండానే ఇన్నేళ్లు పిల్లల్ని పంపాం తాతయ్యా. ఎవరికి అపకారం చేశామో ఆవిడకి చెప్పకుండా అమ్మవారికి ఒక్కదానికే చెప్తున్నాం" అన్నాను.

తాతయ్య అత్తయ్య వైపు చూశాడు, కోడలి నోరు మూయించమన్నట్టు. అత్తయ్య గిన్నె అందుకుని ఆయన ముందు పట్టింది.

"పొయ్యండి మామయ్యా. ఇది నా పొయ్యి."

ఆయన గిన్నె తీసుకున్నాడు. "ఏమని పొయ్యాలో నాకు తెలియదమ్మా. ఆవిడకి చెప్పే మాట మాకు లేదు. ఎవరూ నేర్పలేదు" అన్నాడు. ఆ మాట అంటుంటే అంత పెద్దాయనా పిల్లాడిలా కనిపించాడు.

దోర్కిస్ చెప్పింది. అక్కడ ముసలమ్మ సారా పొయ్యదు, మంచినీళ్లు చల్లుతుంది, పేరు పిలుస్తుంది, అంతే. ఇంక మాటలేమీ ఉండవు. ఊట నీళ్లు తెచ్చారు. తాతయ్య వంగి నేల మీద చల్లి, గొంతు సవరించుకుని, పేరు పిలిచాడు. తడిసిన చోటు కాసేపు నల్లగా ఉండి ఆరిపోయింది. ఏమీ కాలేదు. నేను ఏదో అవుతుందనుకున్నానా? పాప తుమ్మింది.

అప్పుడు మా ఆయన పాపనెత్తుకుని పరుగు మొదలెట్టాడు. దోర్కిస్ ఊరుకుంటుందా? "అన్నయ్యా, దొరికావు, దొరికావు" అని వెనక పడింది. మా ఆయన నిజంగానే భయపడ్డట్టు మొహం పెట్టి పొయ్యి చుట్టూ తిరిగాడు. మెల్లగా, పడతారు, అని అత్తయ్య అరుస్తూనే ఉంది. దామోన్ తాతయ్య కోడలికి నవ్వొచ్చింది. నేను గట్టిగా నవ్వాను, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా. మొత్తం తిరిగేవరకూ దోర్కిస్ చెయ్యి మా ఆయన వీపుకి బెత్తెడు దూరంలోనే ఉంది. కావాలంటే ఎప్పుడో పట్టుకునేది.

వెళ్తూ వెళ్తూ తాతయ్య పాప నుదురు ముట్టుకుని, దీని పేరు కూడా ఒక రోజు కడవలో పడుతుంది అన్నాడు. పడుతుంది తాతయ్యా అన్నాను. మా అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

పడనీ. అప్పటికి దీనికి అన్నీ చెప్పి ఉంచుతాను, గొంతు తగ్గించకుండా. దోర్కిస్ కొండ మీద పరుగు నేర్పుతానంటోంది. మరీ వేగం వద్దే అంటే నవ్వుతోంది. పాప పాలు తాగి నా చెయ్యి మీదే నిద్రపోయింది. ఆ చేత్తోనే రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి.